ముద్దాయే జ్యూరీ వద్దంటే? (మమ్మల్ని ఇంటికి పంపేశారు)

నేపర్‌విల్ నాని:
పోయిన సోమవారం జ్యూరీ డ్యూటీకి (కేసు విని దోషా కాదా తేల్చే పన్నెండు మంది మామూలు జనంలో ఒకడిగా కూర్చునే పని) వెళ్ళాను. సిటిజన్‌షిప్ వచ్చాక మొదటి సమన్లు ఇవే. నాకు కాస్త ఉత్సాహంగానే ఉంది, ఇంట్లోవాళ్ళు మాత్రం నా మీదే ఏదో కేసు పడ్డట్టు చూశారు. ఎనిమిదిన్నరకల్లా కోర్టులో ఉన్నా. పెద్ద హాలు, వందకి పైగా కుర్చీలు, పనిచెయ్యని కాఫీ మెషిను. పదకొండు దాటాక ఓ నలభై మందిని పైకి తీసుకెళ్ళి కోర్టు గది బయట వరండాలో నిలబెట్టారు. తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి చూస్తే ముద్దాయి కనిపించాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, తన సైజుకి రెండింతలున్న కోటు వేసుకుని ఏదో కాగితం మీద సంతకం పెడుతున్నాడు. అరగంట తర్వాత డెప్యూటీ బయటికొచ్చి "ఇక మీరు వెళ్ళచ్చు" అన్నాడు. ఏమైందని అడిగితే, ముద్దాయి జ్యూరీ వద్దన్నాడు, జడ్జిగారే వింటారు అన్నాడు.

నాకు అప్పట్నుంచీ ఒకటే పీకుతోంది. పన్నెండు మందిలో ఒక్కడైనా జాలిపడతాడేమో అన్న ఆశ వదిలేసి, ఒకే ఒక్క మనిషి చేతిలో తల పెట్టడం ఏంటి? లాయర్లెవరైనా ఉంటే చెప్పండి.

డాలస్ డీవీ:
నాని అన్నా, మా టెక్సాస్‌లో స్పీడింగ్ టికెట్‌కి కూడా జ్యూరీ అడగొచ్చు. జోక్ కాదు, జరిమానా మాత్రమే పడే కేసుకి కూడా. నాకు ఇప్పుడు ఒకటి వచ్చింది, నలభై జోన్‌లో యాభై ఎనిమిది. జ్యూరీ అడగాలా, జడ్జి చాలా? మంగళవారం డేటు.

వకీల్ వనజ:
ఫిలడెల్ఫియా వైపు డిఫెన్స్ ప్రాక్టీసు నాది, పదమూడేళ్ళయింది. నాని గారూ, మీరు అద్దంలోంచి చూసిన కాగితమే జ్యూరీ వేవర్, అంటే జ్యూరీ హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం.

ఒక్క మనిషి చేతిలో ఎందుకంటే, కారణాలు చాలానే ఉంటాయి. కేసు మొత్తం ఒక లీగల్ పాయింటు మీద నిలబడి ఉంటే జ్యూరీకి అది బోధపరచడం కష్టం, జడ్జికి రెండు నిమిషాలు. ఫొటోలు చూస్తేనే కడుపులో తిప్పే కేసైతే, అలాంటివి వెయ్యి చూసిన జడ్జి ముందుకెళ్ళడం నయం. పేపర్లలో నెలల తరబడి నానిన కేసైతే ఊళ్ళో అందరికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. ఇంకోటి, చాలామంది పైకి చెప్పరు: జ్యూరీ పెట్టించి రెండు వారాలు కోర్టు టైము తిని ఓడిపోతే శిక్ష బరువుగా పడుతుందన్న భయం. మా ఊళ్ళో బెంచ్ ట్రయల్స్ (జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కడే తేల్చేవి) ఎక్కువ కావడానికి ఈ భయానికీ వాటా ఉందని నా అనుభవం.

మీరన్న ఆ ఒక్కడి లెక్క మాత్రం నిజమే. పన్నెండు మందీ ఒక్క మాట మీదికి రావాలి, ఒక్కరు మొండికేస్తే కేసు తేలదు. 2020 లో లూసియానా కేసులో సుప్రీంకోర్టు ఇది అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుందని చెప్పింది. సంతకం పెట్టినవాడు ఆ ఒక్కణ్ణీ పోగొట్టుకుంటాడు.

కిరణ్ ఓయూ:
నేను హైదరాబాద్‌లో లా రెండో సంవత్సరం. మేడమ్, ఒక డౌట్. జ్యూరీ అనేది నిందితుడి హక్కు కదా. హక్కు నాదైతే వద్దనుకోవడం కూడా నా ఇష్టమే కావాలి. మరి అక్కడ ప్రాసిక్యూటర్ ఒప్పుకోకపోతే వద్దనుకోడానికి లేదని చదివాను. నా ఇంటి గేటు నేను వేసుకోడానికి పక్కింటోడి పర్మిషన్ ఏంటి?

వకీల్ వనజ:
కిరణ్, సరిగ్గా ఈ వాదనే 1965 లో సింగర్ అనే ఆయన సుప్రీంకోర్టులో వేశాడు. ఆయన మీద కేసేంటో తెలుసా, పాటలు రాసే పిచ్చి ఉన్న అమాయకుల దగ్గర, మీ పాటల్ని మార్కెట్ చేస్తానని పోస్టులో డబ్బులు గుంజడం. ట్రయల్ తొందరగా అయిపోతుంది, జ్యూరీ వద్దు అన్నాడు. జడ్జి సరే అన్నాడు, ప్రభుత్వం ససేమిరా అంది. జ్యూరీయే విని దోషి అని తేల్చింది. సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం పక్షానే నిలబడింది.

వాళ్ళ లాజిక్కు మెస్సు భాషలో చెప్తా. నీకు భోజనం టికెట్ ఉంది. తినను అనొచ్చు, బలవంతంగా ఎవరూ తినిపించరు. కానీ దాని బదులు దోశ వెయ్యాల్సిందే అని గొడవ చెయ్యడానికి ఆ టికెట్ చెల్లదు. జ్యూరీ హక్కు జ్యూరీ కోసమే, జడ్జి ఒక్కడే తేల్చాలని అడిగే హక్కు రాజ్యాంగంలో లేదు. అందుకే ఫెడరల్ (కేంద్ర) కోర్టులో మూడు తాళాలు: ముద్దాయి రాతపూర్వకంగా వదులుకోవాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి, జడ్జి ఆమోదించాలి. క్రిమినల్ రూల్స్‌లో 23వ రూలు.

కిరణ్ ఓయూ:
దోశ ఉదాహరణ బాగుంది కానీ తినను అంటే ఆకలితో వదిలెయ్యట్లేదుగా, బలవంతంగా భోజనమే పెడుతున్నారు 😀 ప్రాసిక్యూటర్‌కి ఏం నష్టం అసలు?

వకీల్ వనజ:
దొరికిపోయాను. ఒప్పుకుంటున్నా, ఆ ఉదాహరణకి అక్కడ చిల్లుంది. కానీ ప్రభుత్వం వాదన ఏంటంటే, నేరం సమాజం మీద కూడా జరిగింది, తీర్పు చెప్పడంలో జనానికీ వాటా ఉంది అని. మెత్తటి జడ్జి దొరికాడని ముద్దాయి జనాన్ని బయటికి నెట్టేస్తే ఎలా అంటారు. ఇది నాకు పూర్తిగా నచ్చదు, కానీ కొట్టిపారేసే మాట కూడా కాదు.

రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది. నాని గారి ఇల్లినాయ్‌లో ముద్దాయి వద్దంటే వద్దే. కొన్నిరకాల కేసుల్లో ప్రాసిక్యూటర్ ఒప్పుకోలు కావాలని అక్కడ చట్టం తెస్తే 1988 లో వాళ్ళ సుప్రీంకోర్టు కొట్టేసింది. న్యూయార్క్‌లో ప్రాసిక్యూటర్ సంతకం అక్కర్లేదు. కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడాల్లో కావాలి. మా పెన్సిల్వేనియాలో 1998 లో ఓటింగ్ పెట్టి రాజ్యాంగమే మార్చారు, ముద్దాయికెంతో ప్రభుత్వానికీ జ్యూరీ హక్కు అంత అని. ఇంకా వింత నార్త్ కరొలైనా, 2014 లో జనం ఓటేసి మార్చేదాకా పెద్ద నేరాల్లో ముద్దాయి కాళ్ళావేళ్ళా పడ్డా జ్యూరీ తప్పేది కాదు.

బెజవాడ బాబాయ్:
అమ్మాయ్ వనజా, బాగా చెప్తున్నావు. నేను ముప్పై రెండేళ్ళు కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను, జ్యూరీని మాత్రం కళ్ళతో చూడలేదు. నేను చేరేటప్పటికే 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడు వచ్చి జ్యూరీ చరిత్రలో కలిసిపోయింది. మా సీనియర్లు చెప్పేవారు, 1898 నాటి కోడులో సెషన్స్ కేసు జ్యూరీతోనో అసెసర్లతోనో నడిచేదని. అసెసర్లంటే అభిప్రాయం చెప్తారు, జడ్జి వింటాడు, తనకి నచ్చింది రాసుకుంటాడు. ఇప్పటి మా అల్లుళ్ళ పరిస్థితి.

జ్యూరీ అనగానే మనవాళ్ళకి నానావతి కేసే గుర్తొస్తుంది. 1959 బొంబాయి. నేవీ కమాండరు భార్య ప్రియుణ్ణి రివాల్వరుతో కాల్చాడు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి అది ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ ఒక్క కేసుతోనే జ్యూరీ పోయిందంటారు గానీ అది సగం కథే, అప్పటికే చాలాచోట్ల తీసేస్తూ వస్తున్నారు. నేను అడిగేది ఒకటే, నానావతి జ్యూరీ వద్దంటాడా? బయట జనం పూలు చల్లుతుంటే ఏ పిచ్చివాడు వద్దంటాడు?

వకీల్ వనజ:
బాబాయ్ గారూ, దాన్ని తిరగేసి చూడండి. బయట జనం రాళ్ళు పట్టుకుని ఉంటే? అమెరికాలో కాల్పుల కేసుల్లో ఇరుక్కున్న పోలీసులు తరచూ జడ్జినే ఎంచుకునేది అందుకే. 2006 లో న్యూయార్క్‌లో పెళ్ళికి కొన్ని గంటల ముందు షాన్ బెల్ అనే కుర్రాడి మీద పోలీసులు 50 తూటాలు కాల్చారు. ముగ్గురు డిటెక్టివ్‌లు జ్యూరీ వద్దన్నారు, 2008 లో జడ్జి ముగ్గుర్నీ వదిలేశాడు. బాల్టిమోర్‌లో పోలీసుల చేతిలో ఉండగా గాయపడి చనిపోయిన ఫ్రెడీ గ్రే కేసులో ఒక ఆఫీసరు జ్యూరీ ముందుకెళ్తే 2015 లో తేలకుండా ఆగిపోయింది, తర్వాత ముగ్గురు ఒక్కొక్కరుగా అదే జడ్జిని ఎంచుకున్నారు, 2016 లో ముగ్గురూ నిర్దోషులే. చట్టప్రకారం ఆ తీర్పులు సరైనవే కావచ్చు. కానీ ఆ వీధుల్లో ఉండేవాళ్ళకి మా తరఫున ఒక్కరు కూడా ఆ గదిలో లేరు అనిపిస్తుంది, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కేదార్ చికాగో:
జడ్జి అంటే దేవుడనుకునేవాళ్ళ కోసం మా ఊరి కథ ఒకటి. హ్యారీ అలెమన్ అని మాఫియా హంతకుడు. 1972 లో ఒకణ్ణి అతని ఇంటి ముందే కాల్చి చంపాడు. 1977 లో కేసు విచారణకొస్తే, అయ్యగారు చాలా నమ్మకంగా జ్యూరీ వద్దన్నారు. జడ్జి ఫ్రాంక్ విల్సన్ నిర్దోషి అని వదిలేశాడు. ప్రత్యక్ష సాక్షి ఉన్నా సరే. ఏళ్ళ తర్వాత ఒక లాయరు ఎఫ్‌బీఐ పక్షం చేరి మొత్తం కక్కాడు, జడ్జికి 10,000 డాలర్లు అందాయని. విల్సన్ 1990 లో ఆత్మహత్య చేసుకున్నాడు. అసలు మెలిక తర్వాతది. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదు కదా? కోర్టు ఏమందంటే, జడ్జిని కొనేసినవాడికి మొదటిసారి శిక్ష పడే ప్రమాదమే లేదు, ప్రమాదం లేనప్పుడు రెండోసారి అనే మాటే రాదు అని. 1997 లో మళ్ళీ విచారణ, ఈసారి జ్యూరీ, దోషి. జైల్లోనే పోయాడు 2010 లో.

నేపర్‌విల్ నాని:
వామ్మో. అంటే ఒక్కణ్ణి కొనడం తేలిక, పన్నెండు మందిని కొనడం కష్టం. నేను చెప్పింది అదే!

కేదార్ చికాగో:
ఆగు నానీ, పన్నెండు మందిని కొనక్కర్లేదు, పైన మేడమ్ చెప్పారుగా, కేసు తేలకుండా చెయ్యడానికి ఒక్కడు చాలు. 1987 లో న్యూయార్క్‌లో మాఫియా బాస్ జాన్ గాటీ కేసులో ఒక జ్యూరర్ 60,000 డాలర్లకి అమ్ముడుపోయాడు. చివరికి మొత్తం జ్యూరీ నిర్దోషి అంది. అంటే జడ్జికంటే జ్యూరరే ఖరీదు 😂 మధ్యలో పదేళ్ళ ధరల పెరుగుదల తీసేసినా సరే.

డాలస్ డీవీ:
నా టికెట్ సంగతి ఎవరూ చెప్పరా

ఎడిసన్ సుజాత:
ఇక్కడ అందరూ పెద్ద కేసుల గురించే మాట్లాడుతున్నారు. మా దూరపు బంధువుల అబ్బాయి, హెచ్‌వన్ మీద ఉన్నాడు, రూమ్మేట్‌తో గొడవై చెయ్యి చేసుకున్నాడని పోలీసులొచ్చారు. మున్సిపల్ కోర్టు. వాడు సినిమాల్లో చూసినట్టు జ్యూరీ ఉంటుంది, అందరికీ చెప్పుకుంటాను అని రిహార్సల్స్ కూడా వేసుకున్నాడు పాపం. తీరా వెళ్తే జ్యూరీ లేదు, ఏం లేదు, జడ్జి ఒక్కడే. వద్దనుకునే ఛాన్స్ కూడా లేదు, ఎందుకంటే ఇచ్చింది లేదు. ఇదెలా న్యాయం?

వకీల్ వనజ:
సుజాత గారూ, ఆరు నెలలకి మించి జైలు పడని నేరాల్ని చిల్లర నేరాలుగా లెక్కేస్తారు, వాటికి రాజ్యాంగం జ్యూరీ ఇవ్వదు. న్యూజెర్సీలో డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్ అంటారు, గరిష్ఠం ఆరు నెలలే, అందుకే జ్యూరీ లేదు. ఒకేసారి అలాంటి నాలుగు కేసులు పెట్టి మొత్తం శిక్ష ఆరు నెలలు దాటినా జ్యూరీ రాదని 1996 లో తేల్చేశారు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ చిల్లర నేరమే కొంప ముంచగలదు, అది వేరే బాధ. తప్పు ఒప్పుకోమని ఎవరైనా తొందరపెడితే, ముందు వీసా సంగతేంటని లాయర్ని అడగమనండి. 2010 నుంచి అది చెప్పడం లాయరు బాధ్యత, దయాదాక్షిణ్యం కాదు.

అసలు నిజం చెప్పాలంటే అమెరికాలో ఎక్కువమంది వదులుకునేది జ్యూరీని మాత్రమే కాదు, విచారణనే. ఫెడరల్ శిక్షల్లో నూటికి 97 నేరం ఒప్పుకున్నవేనని 2012 లో సుప్రీంకోర్టే రాసింది.

మెల్‌బోర్న్ మూర్తి:
ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇంకో తమాషా. రాజ్యాంగం 80వ సెక్షన్‌లో, ఫెడరల్ పెద్ద నేరాల విచారణ జ్యూరీతోనే జరగాలి అని రాసుంది. 2016 లో సిడ్నీకి చెందిన ఒక ముద్దాయి నాకు జడ్జి చాలు బాబూ అంటే, అది నీ హక్కు కాదు, దేశం ఏర్పాటు, నువ్వు వదిలేసేది కాదు అని హైకోర్టు (ఇక్కడ అదే అన్నిటికన్నా పై కోర్టు) చెప్పింది. అదే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చట్టం కింద కేసైతే జడ్జిని అడగొచ్చు. ఒకే బిల్డింగు, ఒకే జడ్జి, కేసు ఫైలు రంగు మారితే రూలు మారుతుంది.

దుబాసి:
చాలా రోజులుగా చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. నేను కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తాను. ఊరు, కేసు వివరాలు చెప్పను. నానిగారు అద్దంలోంచి చూసిన ఆ అరగంటలో లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

సంతకం ఒక్కటే చాలదు. జడ్జి ముద్దాయిని నిలబెట్టి ఒక్కొక్కటే అడుగుతాడు. జ్యూరీ అంటే పన్నెండు మంది మామూలు మనుషులని తెలుసా? వాళ్ళని ఎంచుకోవడంలో మీ లాయరుకి పాత్ర ఉంటుందని తెలుసా? అందరూ ఒప్పుకుంటేనే దోషి అని తెలుసా? వదులుకుంటే నేనొక్కణ్ణే తేలుస్తానని తెలుసా? ఎవరైనా బెదిరించారా, ఏమైనా ఇస్తామన్నారా? ఇవన్నీ రికార్డులోకి వెళ్ళాలి. మనవాళ్ళు తలాడిస్తారు, ఆ తలాడింపు అవునో కాదో అక్కడ ఎవరికీ అర్థంకాదు, టైపు చేసే ఆవిడ చేతులెత్తేస్తుంది. నోటితో చెప్పండి అని మళ్ళీ అడుగుతారు.

నా మొదటి తిప్పలు మాట దగ్గరే. "జ్యూరీ హక్కు వదులుకుంటున్నారా" అన్నాను. పెద్దాయన ముఖం పాలిపోయింది. వదులుకోవడం అంటే ఆయనకి ఆస్తి వదులుకోవడం, ఆశ వదులుకోవడం. కేసు ఓడిపోయాననుకున్నాడు. అలాగని "జ్యూరీ వద్దనుకుంటున్నారా" అంటే మరీ కాఫీయా టీయా అన్నట్టుంటుంది, హక్కు అన్న బరువు పోతుంది. నేను సొంతంగా వివరించకూడదు, అది లాయరు పని. చివరికి జడ్జిగారినే ప్రశ్న విడగొట్టి అడగమని కోరాను.

అసలు గండం ఆ తర్వాత. జడ్జి "ఇది మీ సొంత నిర్ణయమేనా?" అన్నారు. పెద్దాయన చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "తమరెలా చెప్తే అలాగేనండి" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, అదే నా పని. జడ్జి పెన్ను కింద పెట్టేశాడు. "నేనేమీ చెప్పట్లేదు, చెప్పకూడదు కూడా" అన్నాడు. మన దగ్గర అది పెద్దమనిషి ముందు మాట్లాడే పద్ధతి, అక్కడ అది ఒత్తిడికి లొంగినట్టు రికార్డవుతుంది. మళ్ళీ అడిగారు. "మా లాయరుగారి ఇష్టమండి" అన్నాడు. మళ్ళీ ఆగింది. పావుగంట బ్రేకిచ్చి, లాయరుతో పక్క గదిలో నా ద్వారానే మాట్లాడి వచ్చాక, మూడోసారి "నాకే జ్యూరీ వద్దండి, జడ్జిగారు చాలు" అన్నాడు. అప్పటిదాకా జ్యూరీకి రావలసినవాళ్ళు బయట వరండాలో నిలబడే ఉన్నారు. నానిగారూ, మీలాగే.

వకీల్ వనజ:
దుబాసి గారూ, ఇది మా బార్‌లో ప్రతి లాయరూ చదవాలి. తెలిసి, ఇష్టపూర్వకంగా అని పుస్తకంలో రెండు మాటలు, మీరు చెప్పాక వాటి బరువు తెలుస్తోంది. ఒక పాత సంగతి చెప్తా, 1930 కి ముందు ఫెడరల్ కోర్టుల్లో అసలు వదులుకోవచ్చా అన్నదే తేలలేదు. మద్యనిషేధం రోజుల్లో ప్యాటన్, ఇంకొందరు ఏజెంటుకి లంచమివ్వబోయారని కేసు, మధ్యలో ఒక జ్యూరర్‌కి జబ్బు చేసింది. మిగతా పదకొండు మందితో కానిద్దాం అని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఓడిపోయాక, పదకొండు మంది చెల్లదు అని పైకెళ్ళారు! అక్కడే సుప్రీంకోర్టు తేల్చింది, తెలిసి ఒప్పుకుంటే ఒకణ్ణే కాదు, పన్నెండు మందినీ వదులుకోవచ్చు, కాకపోతే కోర్టు, ప్రభుత్వం కూడా సరే అనాలి అని.

కిరణ్ ఓయూ:
అంతకుముందు ఇంగ్లండ్‌లో ఇంకా ఘోరం, క్లాసులో చెప్పారు. నిందితుడు తనంతట తాను నన్ను జ్యూరీయే విచారించాలి అనాలి. అనకపోతే పడుకోబెట్టి ఛాతీ మీద బరువులు పెట్టేవారు, అనేదాకా లేదా చచ్చేదాకా. 1692 లో, అమెరికా ఇంకా ఇంగ్లండ్ వలసగా ఉన్నప్పుడు, అక్కడి సేలంలో మంత్రగత్తెల కేసుల్లో జైల్స్ కోరీ అనే ముసలాయన అలాగే చచ్చిపోయాడు, ఆ మాట మాత్రం అనలేదు. ఇంగ్లండ్ 1772 లో తీసేసింది. దుబాసి గారి పెద్దాయన్ని మూడుసార్లు అడిగారంటే, ఆ లెక్కన చాలా దూరం వచ్చినట్టే.

అయినా ప్రాసిక్యూటర్ వీటో విషయంలో నేను మారలేదు మేడమ్.

వకీల్ వనజ:
మారకు. రేపు నువ్వు ఏ సైడు వకాల్తా వేస్తావో అప్పుడు చూద్దాం.

బెజవాడ బాబాయ్:
దుబాసి బాబూ, "తమరెలా చెప్తే అలాగే" అని మా కోర్టులో రోజుకి ఇరవైసార్లు వినేవాణ్ణి. ఒక్కసారి కూడా ఎవరూ పెన్ను కింద పెట్టలేదు.

డాలస్ డీవీ:
అన్నలూ అక్కలూ, మంగళవారం రేపే

వకీల్ వనజ:
డీవీ, నాకు టెక్సాస్ లైసెన్సు లేదు, కాబట్టి సలహా కాదు, ఒక ప్రశ్న. నువ్వు నిజంగా యాభై ఎనిమిదిలో వెళ్ళావా?

డాలస్ డీవీ:
అరవై రెండు. ఆఫీసరే తగ్గించి రాశాడు.

నేపర్‌విల్ నాని:
😂😂 కట్టేసెయ్ తమ్ముడూ.